డాబా మీద జాంబీ సినిమాలు: చవకవాటిలో ఏది ముందు?

మూడులాంతర్లు (విజయనగరం):
శనివారం రాత్రి డాబా మీద అయిదుగురం కూర్చుని జాంబీ సినిమాలు వేసుకుందామని ప్లాను. పెద్ద స్టూడియోలవి వద్దు, చేతిలో డబ్బుల్లేక తీసినవే కావాలి. ఇబ్బందేటంటే మేకప్ కాస్త తేలిపోయిందంటే చాలు, మావోళ్లు నవ్వేసి ఫోన్లు తీసేస్తారు. ఏ వరసలో వేస్తే కుదురుగా కూర్చుంటారు? చిన్న ప్రొజెక్టరు, తెరకి దుప్పటి ఉన్నాయి. ఇంకోటి, ఈ సినిమాల్లో రక్తం రోజ్‌మిల్క్‌లా ఎందుకుంటాది?

ఏడురోడ్లు (శ్రీకాకుళం):
ముందు 'వన్ కట్ ఆఫ్ ది డెడ్' (జపాన్, 2017) వెయ్యండి. సుమారు 30 లక్షల యెన్లతో తీసింది. మొదటి 37 నిమిషాలూ ఒకే షాట్. అందులో నటులు తడబడతారు, మాటల మధ్య వింత ఖాళీలొస్తాయి, ఒకచోట కెమెరా నేల మీద పడి అలాగే ఉండిపోతుంది. మీవాళ్లు లేచిపోయేది అక్కడే. వాటన్నిటికీ జవాబు తర్వాత ఉంది, ఇంతకన్నా చెప్తే పాపం. ట్రైలరు చూపించొద్దు. 37 నిమిషాలయ్యాక పేర్లు పడతాయి, అయిపోయిందనుకుని ఎవరో ఒకరు ఆపేస్తారు, రిమోట్ మీ దగ్గరే పెట్టుకోండి.

రెండోది 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' (1968). దర్శకుడు జార్జ్ రొమేరో, ఖర్చు సుమారు 1,14,000 డాలర్లు. కథంతా దాదాపు ఒక్క పల్లెటూరి ఇంట్లోనే. ఊళ్లు ఏమైపోయాయో రేడియో, టీవీ వార్తలే చెప్తాయి. గుంపుల్ని చూపించే ఖర్చు తప్పింది, భయమూ పెరిగింది. 'జాంబీ' అన్న మాట ఒక్కసారీ వినపడదు, 'గూల్' (శవాల్ని తినే పిశాచి) అంటారు. సినిమా పేరు మార్చినప్పుడు కొత్త టైటిల్ కార్డు మీద కాపీరైట్ ప్రకటన వెయ్యడం మర్చిపోయారు. అందుకే ఉచితంగా దొరుకుతుంది, అందుకే అరిగిపోయిన ప్రింట్లూ బోలెడు. 2016లో బాగుచేసిన 4కె ప్రింటు చూసుకోండి. మిగతావాటిలో చీకటి సీన్లు ఒట్టి నల్ల మచ్చలు.

'ది బ్యాటరీ' (2012) కూడా మంచిదే, ఆరు వేల డాలర్ల సినిమా. కానీ ఇద్దరు మనుషులు నడుస్తూ విసుక్కోవడమే ఎక్కువ. అర్ధరాత్రి వేస్తే అయిదుగురూ నిద్రపోతారు.

జీడితోట (పలాస):
వరస బాగుంది. దుప్పటి మాత్రం వద్దు, వెలుగు సగం వెనక్కి పోతుంది. సున్నం వేసిన గోడ ఉంటే అదే తెర. గుడ్డే దిక్కైతే వెనక ముదురు రంగు గుడ్డ కలిపి కట్టి, కింది అంచులో వెదురు బద్ద దూర్చండి. గాలికి ఊగిందంటే సబ్‌టైటిల్ చదవలేరు. ప్రొజెక్టరు డబ్బా మీద త్రో రేషియో (బొమ్మ వెడల్పుకి ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలో) చూడండి. 1.4 అని ఉంటే 6 అడుగుల వెడల్పు బొమ్మకి దాదాపు ఎనిమిదిన్నర అడుగుల దూరం కావాలి. నలుపు తెలుపు సినిమాకి పూర్తి చీకటి పడాలి, వీధిలైటు గోడ మీద పడినా పాడే.

జపాన్ సినిమాకి సబ్‌టైటిల్ మొదట సరిపోయి, గంటయ్యేసరికి రెండు నిమిషాల పైన తేడా వస్తే ఆ ఫైలు సెకనుకి 25 ఫ్రేముల (బొమ్మల) ప్రింటుది, మీ సినిమా 24ది. వీఎల్‌సీ ప్లేయర్లో సబ్‌టైటిల్‌ని ముందుకీ వెనక్కీ జరిపే జి, హెచ్ మీటలు ఎన్ని నొక్కినా మళ్లీ జారుతుంది. అందులోనే ట్రాక్ సింక్రొనైజేషన్ అనే చోట సబ్‌టైటిల్ స్పీడే మార్చాలి. టీవీలో చూసేవాళ్లు మోషన్ స్మూతింగ్ (కదలికని నున్నగా చేసే సెట్టింగు) ఆపెయ్యండి, లేకపోతే సినిమా కాస్తా సీరియల్‌లా కనిపిస్తుంది.

మూడులాంతర్లు:
గోడ ఉంది, సున్నం కూడా ఉంది. రక్తం సంగతి ఎవరూ చెప్పనేదు!

ఏడురోడ్లు:
ఒట్టి ఎర్ర రంగు నీళ్లు పల్చగా పారితే వెలుతురు లోంచి దూసుకుపోతుంది, తెల్ల చొక్కా మీద గులాబీ రంగే తేలుతుంది. అసలు రక్తం అలా కాదు, ముదురుగా ఉండి అడుగు కనపడనివ్వదు. 1968 సినిమాకి ఆ బాధ లేదు. నలుపు తెలుపులో ఎరుపు బూడిద రంగైపోతుంది కాబట్టి చాక్లెట్ సిరప్ పోశారు.

మీరే కలిపి చూడండి. కప్పు పంచదార, అరకప్పు నీళ్లు, కరిగి రెండు పొంగులు రాగానే దించెయ్యాలి. తీగపాకం వచ్చిందా, ఒంటి మీద గట్టిపడి పెచ్చులూడుతుంది. చల్లారాక అర చెంచా కోకో పొడి గోరువెచ్చని నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి పొయ్యండి. పావు చెంచా ఎరుపు ఫుడ్ కలర్, నీలం పుల్ల చివర అంటినంతే. ఎక్కువైతే నేరేడు రసం. పాత తెల్లగుడ్డ మీద చుక్క వేసి ఆరనివ్వండి. అంచు గులాబీగా తేలితే కోకో చాల్లేదు.

జీడితోట:
పంచదార పాకం కదా, రాత్రికి చీమలు పడతాయి. ఆ మరక సున్నం గోడకి అంటితే మళ్లీ సున్నం వెయ్యాల్సిందే.