నిద్రలో తన్నే నాన్నగారికి ఆసుపత్రిలో చేసే స్లీప్ స్టడీ గురించి

మా నాన్నగారికి 66 ఏళ్లు. ఏడు నెలలుగా వారానికి రెండు మూడు సార్లు, దాదాపు ఎప్పుడూ తెల్లవారుజామున మూడున్నర, ఐదు గంటల మధ్యే, నిద్రలో గట్టిగా అరుస్తూ కాళ్లూ చేతులూ విసురుతున్నారు. కళ్లు మూసుకునే ఉంటాయి, లేచి నడవరు. పిలిస్తే వెంటనే మెలకువ వచ్చి, కుక్క మీదపడిందనో ఎవరో తరిమారనో కలను పూసగుచ్చినట్టు చెబుతారు. పోయిన వారం ఆ విసురుకు స్టూలు మీది మంచినీళ్ల చెంబు ఎగిరిపడి అమ్మ కనుబొమ్మ చిట్లింది.

సాయంత్రం కాఫీ మాన్పించాం, పరుపు నేల మీదికి మార్చాం. డాక్టరు గారు రాసిన మెలటోనిన్ (నిద్రకు తోడ్పడే హార్మోన్ మాత్ర) 3 మిల్లీగ్రాములు ఆరు వారాలుగా వేసుకుంటున్నా కాస్త తగ్గిందే కానీ ఆగలేదు. ఇంట్లోనే పరికరం తగిలించి చేసిన పరీక్షలో గంటకు 4 శ్వాస అంతరాయాలే కనిపించాయి కనుక గురక జబ్బు లేదన్నారు. అయితే ఆ పరికరం శ్వాసనూ ఆక్సిజన్‌నూ కొలిచింది తప్ప, కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో సడలిపోవలసిన కండరాలు నిజంగా సడలుతున్నాయో లేదో చూడలేదు.

ఇప్పుడు ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచి వీడియో పాలీసోమ్నోగ్రఫీ (నిద్రలో మెదడు తరంగాలను, కండరాలను, శ్వాసను వీడియోతో పాటు నమోదు చేసే పరీక్ష) చేయించమంటున్నారు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ పరీక్ష చేయించి ఉంటే, ఆ ఒక్క రాత్రి వారు కదలకుండా పడుకున్నా, గడ్డం దగ్గర అతికించే తీగల నమోదును బట్టి రెమ్ నిద్ర రుగ్మతను (రెమ్ నిద్రలో కండరాలు సడలక, కలకు తగ్గట్టు కాళ్లూ చేతులూ ఆడించే జబ్బును) నిర్ధారించగలిగారా, లేక పరీక్ష మళ్లీ చేయించవలసి వచ్చిందా?