కొట్టుకుని విడిపోయిన రెండు గినీ పిగ్స్‌ని పక్కపక్కన ఎలా పెట్టాలి?

ప్రశ్న:
నా దగ్గర రెండు మగ గినీ పిగ్స్ ఉన్నాయి, బుజ్జి, చంటి. ఒకే కాన్పులో పుట్టినవే, ఇప్పుడు ఐదు నెలలు. మొన్నమొన్నటిదాకా ఒకదాన్నొకటి ఆనుకుని పడుకునేవి. రెండు వారాల నుంచి ఎదురుపడితే చాలు, మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని పళ్ళు టకటకలాడిస్తున్నాయి. మొన్న రాత్రి చంటి కింది పెదవి తెగి రక్తం వచ్చింది. మధ్యలో తువ్వాలు వేసి విడదీసి, చంటిని వేరే గదిలో పెట్టాను. అప్పటి నుంచి అది డల్‌గా ఉంది. క్యాప్సికమ్ ముక్క కోస్తున్న చప్పుడు వినబడితేనే కీచుకీచుమని ఇల్లెగరగొట్టేది, ఇప్పుడు ముక్క ముందు పెట్టినా అరవడం లేదు. చూస్తుంటే నాకు ఏడుపొస్తోంది. మళ్ళీ కలపొచ్చా? లేదంటే ఒకే కేజ్‌లో మధ్యన అడ్డం పెట్టి ఉంచొచ్చా?

జవాబు 1:
రక్తం దాకా వచ్చాక మళ్ళీ కలపకండి. గుర్రుమంటూ నడుం ఊపుకుంటూ తిరగడం, ఒకదాని మీద ఒకటి ఎక్కడం పెద్దరికం కోసం చేసే పనులు, వాటికి కంగారు పడక్కర్లేదు. కరవడం వేరు. ఈ వయసులో మగవాటికి ఇలా కావడం మామూలే, మీ పెంపకంలో లోపం కాదు.

అడ్డం పెట్టడమే మంచిది. వాసన, అరుపు అందుతుంటే ఒంటరితనం చాలావరకు తగ్గుతుంది. నా రెండూ మూడేళ్ళుగా అలాగే ఉన్నాయి. మొదట్లో నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. మధ్యలో ఒక్క వరస గ్రిడ్ (తీగల జాలీ పలక) పెట్టాను. సందులోంచి మూతి పెట్టిన దాని ముక్కు కొస రెండోది కొరికేసింది. తర్వాత రెండు వరసల గ్రిడ్ పెట్టి, మధ్యలో రెండు వేళ్ళ ఎడం వదిలి, కేబుల్ టైలతో బిగించాను. గట్టిగా బిగించాలి, తలతో నెట్టి సందు చేసుకుంటాయి. ఎత్తు మోకాలిదాకా ఉంటే నిశ్చింత.

ఇంకోటి, ఇల్లు, నీళ్ళ బాటిల్, ఎండుగడ్డి అన్నీ దేనివి దానికే ఉండాలి. మొదట్లో గడ్డి బుట్టలు చెరో మూలకి పెట్టాను, రెండూ కలిసేవే కాదు. రెండు బుట్టలూ గ్రిడ్ దగ్గరికి జరిపాక, ఇటుది ఒక పోచ లాగితే అటుది తల ఎత్తి చూసి తనూ ఒకటి లాగుతుంది. అలా ఎదురెదురుగా గంటసేపు నములుతూ కూర్చుంటాయి. దాక్కునే ఇళ్ళు మాత్రం గ్రిడ్‌కి దూరంగా పెట్టండి. చూడాలనిపించనప్పుడు లోపలికి పోయే వీలుండాలి కదా.

ఉన్న కేజ్‌ని సగం చేసి సరిపెట్టకండి. ఒక్కోదానికి ఏడెనిమిది చదరపు అడుగులు ఉండాల్సిందే, నేనైతే అంతకన్నా తగ్గను. ఒకదాని చోట ఇంకోదాన్ని వదలొద్దు. ఆ వాసనకే మళ్ళీ రెచ్చిపోతాయి.

జవాబు 2:
ముందు ఆ పెదవిని వెట్‌కి, అంటే జంతువుల డాక్టరుకి చూపించండి. కాటు పైకి మానినట్టే ఉండి లోపల చీము పట్టొచ్చు. ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ లాంటివి నోట్లో పోయొద్దు, వీటికి ప్రాణం మీదికి వస్తుంది. వంటింటి త్రాసు మీద రోజూ తూచి రాసుకోండి. డల్‌గా ఉండటం నొప్పి వల్ల కూడా కావచ్చు. గడ్డి ముట్టకపోతే మాత్రం అదే రోజు వెళ్ళండి, తెల్లారేదాకా ఆగొద్దు.

ఇది చదివే వేరేవాళ్ళకి కూడా ఒక మాట: జతలో ఒకటి ఆడదైతే గ్రిడ్‌ని నమ్ముకోకండి. మగపిల్ల మూడు వారాలకే జత కట్టే వయసుకి రావచ్చు. మగదానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినా ఆరు వారాలు ఆడవాటికి దూరంగా ఉంచాలి.

ప్రశ్న అడిగినవారు:
నిన్న వెట్‌కి చూపించాను, చీము లేదన్నారు. రాత్రి రెండు వరసల గ్రిడ్ బిగించి చంటిని తెచ్చి దింపాను. బుజ్జి ఒకసారి పళ్ళు టకటకలాడించి ఊరుకుంది. పొద్దున లేచి చూస్తే చంటి గ్రిడ్ పక్కన కాళ్ళు చాపుకుని పడుకుని ఉంది. క్యాప్సికమ్ కోస్తుంటే రెండువైపుల నుంచీ ఒకేసారి అరుపులు.