4జీ రూటరు వెనుక ఉన్న రాస్ప్‌బెర్రీ పైని దూరం నుంచి చేరడం ఎలా?

ప్రశ్న: పొలంలో బోరు మోటారును నియంత్రించే రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటరు బోర్డు) 4జీ రూటరుకు కలిపి ఉంది; రూటరులో 22వ పోర్టును తెరిచినా ఇంటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి కంప్యూటరులోకి లాగిన్ అయ్యే పద్ధతి) కలవడం లేదు. కారణం ఏమై ఉంటుందండీ?

సమాధానం: రూటరుకు వచ్చిన చిరునామా 100.64, 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ (మొబైల్ కంపెనీ తన వైపే పెట్టే చిరునామా మార్పిడి, అంటే నాట్) వెనుక ఉన్నట్టే. ఒకే పబ్లిక్ చిరునామాను అనేకమంది పంచుకుంటారు గనుక బయటి కనెక్షన్ మీ దాకా రాదు. పబ్లిక్ ఐపీ ఉన్న చిన్న సర్వరును అద్దెకు తీసుకొని, బోర్డే దానికి వైర్‌గార్డ్ (వీపీఎన్ సాఫ్ట్‌వేర్) ద్వారా కలిసేలా అమర్చండి. కీప్‌అలైవ్‌ను (కనెక్షన్ నిలిచి ఉండేలా పంపే చిన్న సందేశాల వ్యవధిని) 25 సెకన్లుగా పెట్టడం మరవకండి. లేకపోతే కాసేపటికి నాట్ దారి మూసుకుపోతుంది.

మరో సమాధానం: పోర్టు తెరుచుకోకపోవడం ఒకరకంగా మీ అదృష్టమే. 2016లో మిరాయ్ మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలను టెల్నెట్ (ఎస్‌ఎస్‌హెచ్ లాంటిదే, కానీ భద్రత లేని పాత పద్ధతి) ద్వారానే వశం చేసుకుంది. పాస్‌వర్డ్ లాగిన్ ఆపి, ఎస్‌ఎస్‌హెచ్ కీలను (పాస్‌వర్డ్ బదులు వాడే రహస్య ఫైళ్లను) మాత్రమే అనుమతించండి.

ప్రశ్నించినవారు: చిరునామా 100.72తో మొదలవుతోంది. సర్వరు అద్దెకు తీసుకుంటున్నాను.