ఐసీయూ నుంచి ఫోన్ ఆలస్యంగా వస్తోంది, ఏం మార్చాలి?

మాది ప్రాంతీయ అవయవ, కణజాల దాన విభాగం. వెంటిలేటర్ మీదున్న రోగి జీసీఎస్ (స్పృహ స్థాయిని కొలిచే స్కోరు) 5కి పడిపోగానే మాకు ఫోన్ చేయాలన్నది నియమం. డ్యూటీ డాక్టర్లేమో ఆప్నియా టెస్టు (సొంతంగా ఊపిరి తీసుకోగలరా అని చూసే బ్రెయిన్ డెత్ పరీక్ష) అయ్యాకే చేస్తున్నారు. ఈలోగా బీపీ పడిపోయి, సోడియం పెరిగిపోయి (మూత్రం ధారగా పోతున్నా దాన్ని తగ్గించే హార్మోన్ మందు వాసోప్రెసిన్ మొదలుపెట్టరు) గుండె, కాలేయం చేజారుతున్నాయి. పైగా దానం గురించి కుటుంబంతో మాట్లాడాల్సిన మా కోఆర్డినేటర్ రాకముందే బంధువుల దగ్గర దానం మాట ఎత్తేస్తారు. చావు కబురుతో పాటే అడిగితే ఎవరైనా వద్దనే అంటారు కదా.

కార్నియాలదీ (కంటి ముందుండే పారదర్శక పొర) అదే గోల: మరణించిన 6 గంటల్లోపు తీయాలి, రాత్రి వార్డు మరణాలు తెల్లారాకే తెలుస్తున్నాయి.

ఫోన్ బాధ్యతను డాక్టర్ నుంచి తీసి ఛార్జ్ నర్సుకు (షిఫ్టు బాధ్యత చూసే నర్సు) అప్పగించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మరణ ధ్రువీకరణ ఫారంలోనే 'కాల్ చేసిన సమయం' గడి పెడితే రాత్రి షిఫ్టులో నిజంగా నింపుతారా?