‘సెట్ ఆఫ్’కి తెలుగు మన ప్రోనోటు వెనకే ఉంది

ఒంగోలు నుంచి ప్రశ్న: షేర్లలో పోయిన డబ్బును లాభంలోంచి తీసేసి మిగతాదానికే పన్ను కట్టడాన్ని (ఇంగ్లీషులో ‘సెట్ ఆఫ్’) ‘నష్టం మాఫీ’ అని రాయొచ్చా అక్కా?

జవాబు: వద్దు తమ్ముడూ. మాఫీ అంటే ఎదుటివాళ్ళు వదిలేయడం. రుణమాఫీ విని విని ఉన్న జనం, మన నష్టాన్ని ప్రభుత్వం భరిస్తుందేమో అనుకుంటారు. పత్రికలు రాసే ‘సర్దుబాటు’ సరైనదే. కానీ నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో అంతకంటే సూటి మాట వాడుకలో ఉంది: చెల్లు. వడ్లు అమ్మిన డబ్బులో కొంత బాకీకి కట్టి, ప్రోనోటు వెనక తేదీ, ముట్టిన మొత్తం రాసి సంతకం పెడితే ‘చెల్లు వేశాం’ అంటాం. నష్టాన్ని లాభంలో చెల్లు వేసుకోవడమూ అలాంటిదే.

ఆ పోలిక గడువు దగ్గర కూడా నిలుస్తుంది. నోటుకు 3 ఏళ్ళు నిండకముందే చెల్లు రాస్తే బాకీకి మళ్ళీ 3 ఏళ్ళ ప్రాణం. ఈ ఏడు చెల్లు కాని మూలధన నష్టాన్ని, అంటే షేర్లు, స్థలాల లాంటి ఆస్తి అమ్మితే వచ్చిన నష్టాన్ని కూడా ఆ తర్వాత 8 ఏళ్ళ దాకా తీసుకెళ్ళొచ్చు, నష్టం వచ్చిన ఏటి ఆదాయపు పన్ను రిటర్న్ గడువులోగా వేసి ఉంటేనే. ‘వచ్చింది నష్టమే కదా, రిటర్న్ ఎందుకు’ అని ఊరుకునేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఇలా చెల్లు కాక తర్వాతి ఏటికి మిగిలిన నష్టాన్ని పాత లెక్కల పుస్తకాల్లో లాగా ‘తరువాయి’ అంటే చాలు.

ఏది దేనికి చెల్లుతుందో కూడా రాయాలి. లిస్టెడ్ షేర్లు, అంటే స్టాక్ ఎక్స్ఛేంజీలో కొని అమ్మే షేర్లు, 12 నెలలు దాటకుండా అమ్మితే వచ్చేది స్వల్పకాలిక నష్టం. అది స్వల్పకాలిక, దీర్ఘకాలిక లాభాలు రెండింటికీ చెల్లుతుంది. దీర్ఘకాలిక నష్టం మాత్రం దీర్ఘకాలిక లాభానికే. అమ్మకుండా యాప్‌లో ఎర్రగా కనిపించే అంకె దేనికీ చెల్లదు.

కావలి నుంచి: రొయ్యల గుంట లాభంలో షేర్ల నష్టం చెల్లు వేయొచ్చా అక్కా?

జవాబు: కుదరదు అబ్బయ్యా. రొయ్యల సాగుది వ్యాపార ఆదాయం. మూలధన నష్టం జీతానికీ వ్యాపారానికీ చెల్లదు. అదే ఏడు ఇంటి స్థలం అమ్మి 3 లక్షల దీర్ఘకాలిక లాభం వచ్చి, షేర్లలో 80 వేలు స్వల్పకాలిక నష్టం ఉంటే, అది చెల్లుతుంది. పన్ను 2 లక్షల 20 వేల మీదే లెక్కకడతారు.