పాత విల్లీస్ ఫ్లాట్‌హెడ్ ఇంజను: పిస్టన్ రింగులు ఎక్కించే ముందు ఏం చూసుకోవాలి?

పెరంబూరు_జీపు
అందరికీ నమస్కారం. మా నాన్నగారి విల్లీస్ జీపు ఇంజనును, అంటే 134 ఘనపు అంగుళాల సైడ్‌వాల్వ్ (ఫ్లాట్‌హెడ్) ఇంజనును విప్పించి, బ్లాకును 30 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజుకు రీబోర్ చేయించాను, అంటే సిలిండరు రంధ్రాలను (బోర్లను) ఆ మేరకు వెడల్పు చేయించాను. పిస్టన్లు, రింగులు జనరల్ ప్యాటర్స్ రోడ్డులో దొరికాయి. పెట్టె మీద 30 అని ఉంది కనుక నేరుగా ఎక్కించేయవచ్చని మేస్త్రీ గారు అంటున్నారు. ప్రతి రింగునూ బోరులో పెట్టి కొలవడం నిజంగా అవసరమా?

వేళచ్చేరి_లేత్
అవసరమేనండీ. పెట్టె మీది అంకె రింగు కొలతను చెబుతుందే తప్ప, మీ బోరు ఎంతకు తెగిందో చెప్పదు. బోరు వ్యాసంలో ఒక్క థౌ తేడా వచ్చినా రింగు మూతుల (తెగి ఉన్న రెండు కొసల) మధ్య సందు మూడు థౌలకు పైగా మారుతుంది, ఎందుకంటే చుట్టుకొలత వ్యాసానికి 3.14 రెట్లు. కాబట్టి ఏ రింగు ఏ సిలిండరులోకి వెళుతుందో ఆ సిలిండరులోనే పెట్టి చూడాలి. రింగును బోరులోకి దించి, పిస్టన్‌ను తలకిందులుగా పట్టుకుని దానితో ఒక అంగుళం లోతుకు నెమ్మదిగా నెడితే, రింగు ఏ పక్కకూ వాలకుండా కూర్చుంటుంది. అప్పుడు సందులో ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచని రేకు) పెట్టండి.

ఈ సందును బోరు వ్యాసంలో అంగుళానికి 3 నుంచి 4 థౌ చొప్పున లెక్క వేస్తారు. మీ ఇంజను అసలు బోరు 3⅛ అంగుళాలు కనుక, పై రింగుకు 10 నుంచి 13 థౌ వస్తే నాకు నిశ్చింత. అంతకు బాగా తగ్గితే, వేడికి రింగు సాగినప్పుడు మూతులు ఒకదానికొకటి తగిలి, ఇక సాగే చోటు లేక రింగు బోరును గీరేస్తుంది, లేదా విరుగుతుంది. ఫ్లాట్‌హెడ్‌లో వాల్వులు బ్లాకులోనే, సిలిండరు పక్కనే ఉండడం వల్ల ఎగ్జాస్టు వేడి ఆ వైపు గోడకు ఎక్కువగా తగులుతుంది. అందుకే ఈ ఇంజన్లలో సందు బిగుతుగా ఉండడం కంటే ఒకటి రెండు థౌలు వదులుగా ఉండడమే మేలని నా అభిప్రాయం. సందు చాలకపోతే సన్న ఆకురాయితో ఒక మూతిని మాత్రమే, రింగు బయటి అంచు నుంచి లోపలి వైపుకే రాయాలి. వెనక్కి లాగితే అంచు పెచ్చు ఊడుతుంది.

అడయారు_మోరిస్
నాది 918 సీసీ సైడ్‌వాల్వ్ మోరిస్ మైనర్. రీబోర్ చేయకుండా రింగులు మాత్రమే మార్చేవారు ఒక విషయం గమనించాలి. అరిగిన బోరు పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉంటుంది కనుక, సందును రింగు ప్రయాణించే అడుగు భాగంలోనే కొలవాలి. పై అంచున గట్టు మిగిలి ఉంటే రిడ్జ్ రీమరుతో తీయించండి, లేకపోతే కొత్త పై రింగు దానికి కొట్టుకుని విరుగుతుంది.

సెంబియం_ఫిట్టర్
హోనింగ్ (బోరు గోడను రాయితో సన్న గీతలు పడేలా రుద్దడం) తరువాత బ్లాకును ఎలా కడిగారో ఎవరూ అడగలేదు. పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో తుడిస్తే హోనింగ్ రాయి పొడి ఆ గీతల్లోనే ఉండిపోయి, కొత్త రింగులను అరగదీస్తుంది. వేడినీళ్లు, సబ్బుపొడి, గట్టి బ్రష్షు కావాలి. కడిగాక తెల్ల గుడ్డను ఇంజనాయిల్‌లో తడిపి బోరంతా తుడవండి. గుడ్డకు బూడిద రంగు అంటుతున్నంత కాలం పని పూర్తి కానట్టే. మన చెన్నై తేమకు కడిగిన బోరు చూస్తుండగానే ఎర్రబారుతుంది కాబట్టి, నీరు ఆరిన వెంటనే ఆయిల్ పట్టించాలి.

పెరంబూరు_జీపు
ఎంతో ఉపకారం చేశారు. ఈ రోజే అన్ని సందులూ కొలిచాను. మూడో సిలిండరులో పై రింగుకు 7 థౌలే వచ్చింది, దాన్ని రాస్తాను. రింగుల్లో ఏ వైపు పైకి ఉండాలి?

వేళచ్చేరి_లేత్
చుక్కో, టాప్ అనే అక్షరాలో ఉంటే ఆ వైపు పైకి. గుర్తు లేని స్క్రేపరు రింగుకు (గోడ మీది ఆయిల్‌ను గీకే రింగుకు) బయటి అంచున మెట్టు ఉంటే ఆ మెట్టు కిందికి ఉండాలి. ఆయిల్ రింగు మూడు ముక్కలదైతే, మధ్యలోని స్ప్రింగు పట్టీ కొసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా, ఎదురెదురుగా ఆనుకోవాలి. అది సరిగా కూర్చోకపోతే మిగతా పనంతా ఎంత బాగా చేసినా ఇంజను ఆయిల్ తాగుతుంది. మూడు రింగుల మూతులనూ ఒకే గీతలోకి రానీయకుండా చుట్టూ సమంగా పంచండి. కనెక్టింగ్ రాడ్ బోల్టులకు రబ్బరు గొట్టం ముక్కలు తొడిగితే క్రాంకుషాఫ్టు మీద గీత పడదు. రింగ్ కంప్రెసరును (రింగులను చుట్టూ నొక్కి పట్టే పట్టీని) బ్లాకు మీద సమంగా ఆనించి, సుత్తి చెక్క పిడితో పిస్టన్‌ను తట్టండి. మధ్యలో ఆగితే ఇంకొక్క దెబ్బ కూడా వేయకండి. ఏదో రింగు బయటికి జారి బ్లాకు అంచుకు తట్టుకుందన్నమాట, పైకి తీసి మళ్లీ మొదలుపెట్టాలి.

సెంబియం_ఫిట్టర్
తరువాత కంప్రెషన్ (సిలిండరులో పుట్టే పీడనం) గేజితో చూసేటప్పుడు, అంకె తక్కువ వస్తే ప్లగ్గు రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూడడం మనకు అలవాటు: అంకె పెరిగితే లోపం రింగులది, పెరగకపోతే వాల్వులది అంటాము. చాలా ఫ్లాట్‌హెడ్లలో ప్లగ్గు రంధ్రం వాల్వుల వైపే ఉంటుంది కనుక, ఆయిల్ ముందు వాల్వు సీట్ల మీద పడి అక్కడి లీకును కప్పేస్తుంది. నేరం రింగుల మీద పడుతుంది. వంగిన సన్న గొట్టంతో ఆయిల్‌ను పిస్టన్ వైపుకే పంపి, ఇంజనును చేత్తో కొన్ని చుట్లు తిప్పాక గేజి పెట్టండి.