ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) పోశాక బైక్ జర్కులు ఇస్తోంది, ఏం చూడాలి?

ప్రశ్న (విశాఖ, ఎంవీపీ కాలనీ): నాది 2018 బీఎస్4 (పాత కాలుష్య ప్రమాణాల) బండి, 650 సీసీ ట్విన్. వానల్లో మూడు వారాలు కవరేసి ఆరుబయటే పెట్టేశాను. మొన్న ఆదివారం భీమిలి వెళ్దామని తీస్తే, సెల్ఫ్ నాలుగైదు సార్లు కొడితే గానీ అందుకోలేదు. రుషికొండ దాటాక ఒకటే జర్కులు. మైలేజీ అయితే అంతకుముందు నుంచే 23 కాస్తా 21కి దిగింది. అందరూ ఈ20 వల్లే అంటున్నారు. మాన్యువల్‌లో ఈ10 వరకే అని ఉంది. ఇంజిన్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు (మద్దిలపాలెం): 100 ఆక్టేన్ కొట్టించు బ్రో, దెబ్బకి సెట్.

జవాబు (గాజువాక): తమ్ముడూ, ఆక్టేన్ అంటే పెట్రోలు ముందే అంటుకుని ఇంజిన్ కొట్టుకోకుండా ఆపే గుణం, దాంతో తీరే గొడవ కాదిది. ఈ20లోనే కనీసం 95 ఉంటుంది. మైలేజీ సంగతి నిజమే. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. ఐదో వంతు కలిపితే మొత్తం మీద ఆరేడు శాతం తగ్గుతుంది. నీ లెక్క దాదాపు అక్కడే ఉంది.

జర్కులకి ముందు ట్యాంకు మూత తెరిచి చూడు. మూత చుట్టూ ఉన్న గాడిలో చిన్న రంధ్రం ఉంటుంది, వాన నీళ్లు అందులోంచి కింది ట్యూబులోకి పోవాలి. అది దుమ్ముతో పూడిపోతే నీళ్లు ట్యాంకులోకే దిగుతాయి. మామూలు పెట్రోల్లో నీళ్లు విడిగా అడుగున ఉండిపోతాయి. ఇథనాల్ కొంతవరకు వాటిని తనలో కలుపుకుంటుంది, హద్దు దాటితే తనూ పెట్రోల్ని వదిలేసి నీళ్లతోపాటు అడుగుకి చేరుతుంది. పంపు లాగేది కూడా అడుగునుంచే. మన సముద్రపు తేమ గాలికి ఇంత జరగదు, నీళ్లు పడాల్సిందే. ట్యాంకు అడుగు నుంచి ఒక గాజు సీసాలోకి తీయించి పది నిమిషాలు కదపకుండా ఉంచు. మధ్యలో గీత కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఆరుబయటే చేయించు, దగ్గర్లో సిగరెట్ వద్దు.

ఇంకోటి. కేజీ పెట్రోలు కాలడానికి 14.7 కేజీల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. అంటే ఈ20కి ఇంధనం కాస్త ఎక్కువ చిమ్మాలి. నిలకడగా వెళ్తుంటే ఆక్సిజన్ సెన్సర్ చూసి సర్దుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో చాలా బళ్లు సెన్సర్ మాట వినవు, ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో) ముందే రాసిపెట్టిన లెక్క, అంటే మ్యాప్ ప్రకారమే పోతాయి. గాలికి తగ్గ ఇంధనం అందక మిక్చర్ పలచబడి ఇంజిన్ వేడెక్కుతుంది. అనంతగిరి ఘాట్‌లో అదే పనిగా పిండకు.

జవాబు (సీతమ్మధార): పైపులు కూడా చూపించండి. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్లలో ఈ20కి తట్టుకునే రబ్బరే వాడుతున్నారు, పాతవాటికి ఆ గ్యారంటీ లేదు. నా బండికి ఇంజెక్టర్ దగ్గర పైపు చెమట పట్టినట్టు తడిగా ఉండేది, వేలితో నొక్కితే మెత్తగా పిండిలా అణిగేది. మార్పించేశాను. పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని కూడా ఇథనాల్ కరిగించి ఫిల్టర్‌లోకి తోస్తుంది, పనిలో పని అదీ మార్చెయ్యండి.

ప్రశ్న అడిగినవారు: అన్నా, రంధ్రం నిండా మట్టి! సీసాలో అడుగున రెండు వేళ్ల మందాన వేరే పొర. ట్యాంకు ఖాళీ చేయించి, ఫిల్టర్ మార్పించి, కొత్త పెట్రోలు పోశాక ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. మైలేజీ మాత్రం 21 దగ్గరే ఉంది. తీసిన పాత పెట్రోలు మా ఆవిడ స్కూటీలో పోయొచ్చా?

జవాబు (గాజువాక): ఆవిడతో గొడవ కావాలంటే పొయ్యి. మెకానిక్‌కే ఇచ్చెయ్, కాలవలో పారబోయకు. మళ్లీ వారాల తరబడి వదిలేసేటప్పుడు బండిని నీడలోకి జరుపు.